సినిమా ఎడిటింగ్‌లో తొలి అనుభవం: ఫుటేజీ ఎక్కడ దొరుకుతుంది, పని ఎలా పట్టుబడుతుంది

పరిచయం

ముందు పాఠాల్లో షాట్, సన్నివేశం, కంటిన్యుటీ, సమాంతర కూర్పు వంటి విషయాలు చదువుకున్నారు. పరీక్షలో అడిగితే వాటి గురించి రాయగలరు. కానీ మిమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, రెండు గంటల ఫుటేజీ ఇచ్చి, "దీన్ని పది నిమిషాలకు కుదించండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఇందులో మీ తప్పేమీ లేదు. ఈత గురించి ఎంత చదివినా, నీళ్ళలో దిగిన మొదటి రోజు ముక్కులోకి నీళ్ళు పోక తప్పదు.

సంపర్క తరగతుల్లో నన్ను ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, అనుభవం ఉంటేనే పని ఇస్తామంటున్నారు. పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?" హైదరాబాదుకు దూరంగా, సినిమా వాళ్ళెవరూ తెలియకుండా, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్న మీకు ఈ ప్రశ్న మరింత గట్టిగా తగులుతుంది. దానికి జవాబు చెప్పడానికే ఈ పాఠం.

ముందుగా అనుభవం అనే మాటను కాస్త సరిచేసుకుందాం. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ వాడడం అనుకుంటారు. బటన్లు నేర్చుకోవడానికి రెండు నెలలు చాలు. ఎడిటర్ అనుభవం వేరు. తాను తీయని, తన ఇష్టప్రకారం తీయించుకోని ఫుటేజీ ముందు కూర్చుని ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం కొత్త మనిషి మీద ఎలా పనిచేసిందో కళ్ళారా చూడాలి. పని చేయకపోతే మార్చాలి. ఈ మూడూ జరిగిన ప్రతిసారీ మీ అనుభవం ఒక మెట్టు పెరుగుతుంది. ఎన్ని గంటలు కూర్చున్నా ఇవి జరగకపోతే పెరిగేది కరెంటు బిల్లు మాత్రమే.

ఒకప్పుడు పని ఎలా వచ్చేది

పాత తెలుగు సినిమా టైటిల్స్‌లో ఎడిటింగ్‌కు "కూర్పు" అని వేసేవారు. చక్కని మాట. ఫిల్మ్ రోజుల్లో అది అక్షరాలా చేతులతో చేసే కూర్పే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు కాస్త మించి మాత్రమే వస్తుంది. ఎడిటర్ కట్ చేసిన ప్రతి తుంపునూ ఎవరో ఒకరు గుర్తు పెట్టి, వరుసగా తగిలించి, అడిగిన క్షణంలో అందించాలి. ఆరు ఫ్రేముల తుంపు పోయిందంటే దాన్ని వెతకడానికి నేలమీద పాకేవారు. ఆ పనిచేసేవాడే అసిస్టెంటు.

ఆ అసిస్టెంటుకు ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పలేదు. గదిలో ఉండడమే అతని చదువు. దర్శకుడు "ఇక్కడ ఇంకాస్త ఆగితే బాగుంటుందేమో" అంటాడు, ఎడిటర్ వద్దంటాడు, ఇద్దరూ వాదించుకుంటారు, రెండు విధాలా కట్ చేసి చూస్తారు. పక్కన నిలబడ్డ కుర్రవాడికి ఆ అరగంటలో పుస్తకాల్లో లేనిది తెలిసిపోతుంది.

మన సినిమాల్లో ఈ విద్య ఎక్కువగా ఇంటిలోంచే వచ్చింది. అక్కినేని సంజీవి గారి కుమారుడు ఎ. శ్రీకర్ ప్రసాద్ తండ్రి దగ్గరే పని నేర్చుకుని, 1989 నాటి 'రాఖ్' హిందీ చిత్రంతో మొదలుపెట్టి అనేకసార్లు జాతీయ పురస్కారం అందుకున్నారు. కోటగిరి వెంకటేశ్వరరావు తన అన్న కోటగిరి గోపాలరావు దగ్గర పనిచేస్తూ ఎదిగారు. మార్తాండ్ కె. వెంకటేష్ తండ్రి కె.ఎ. మార్తాండ్ కూడా ఎడిటరే. వీరి ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ప్రతిభ పదునెక్కడానికి ఒక గది కావాలి, ఆ గది వీరికి ఇంట్లోనే దొరికింది అంటున్నాను. మీకు దొరకలేదు. పైగా డిజిటల్ వచ్చాక ఆ గది కూడా మారిపోయింది. ఇప్పుడు చాలాచోట్ల అసిస్టెంటు రాత్రిపూట వేరే కంప్యూటరు మీద ఫుటేజీ సర్దిపెట్టి పోతాడు, ఎడిటర్ పగలు వచ్చి కూర్చుంటారు. ఒకే చోట పనిచేస్తున్నా ఒకరి పని మరొకరు చూసే అవకాశం తగ్గింది. కాబట్టి ఆ గదిలో జరిగేదాన్ని మీరు వేరే దారిలో సంపాదించుకోవాలి.

ఇతరుల ఫుటేజీతో నేర్చుకున్నవారు

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1919లో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల మొదలైన కాలంలో అక్కడ ముడి ఫిల్మ్‌కు కటకటగా ఉండేది. అంతర్యుద్ధం వల్ల విదేశాల నుంచి సరఫరా లేదు. లెవ్ కులెషోవ్ అనే యువ ఉపాధ్యాయుడు, ఆయన విద్యార్థులు ఉన్న సినిమాలనే విడదీసి పరిశీలించారు. గ్రిఫిత్ తీసిన 'ఇంటాలరెన్స్' వారికి పెద్ద పాఠ్యపుస్తకం అయింది. ఒకే నటుడి ముఖం పక్కన వేర్వేరు షాట్లు చేర్చినప్పుడు ప్రేక్షకుడు ఆ ముఖంలో వేర్వేరు భావాలు చూస్తాడన్న ప్రయోగం కులెషోవ్ పేరుతోనే నిలిచిపోయింది. దాని గురించి మీరు ముందే చదివారు. ఇక్కడ గమనించవలసింది వేరు. అది ఖరీదైన ప్రయోగశాలలో పుట్టింది కాదు, లేమిలో పుట్టింది.

అదే కాలంలో ఎస్ఫిర్ షుబ్ అనే ఆవిడ సోవియట్ ప్రేక్షకుల కోసం విదేశీ చిత్రాలను తిరిగి కూర్చే ఉద్యోగం చేసేవారు. వాటిని విప్పి, కొన్ని తీసేసి, మళ్ళీ అతకాలి. గొప్ప కళ అని ఎవరూ అనుకోని పని. కొన్నేళ్ళు ఆ పని చేసిన చేత్తోనే 1927లో పాత వార్తాచిత్రాలు, జార్ కుటుంబం కోసం తీసిన ఫిల్ములు వెతికి తీసి 'రొమానోవ్ వంశ పతనం' కూర్చారు. జార్ వైభవం కోసం తీసిన షాట్లే ఆమె పక్కన పెట్టిన షాట్ల వల్ల అతని మీద ఆరోపణలయ్యాయి.

అమెరికాలో థెల్మా స్కూన్‌మేకర్ కథ కూడా ఇలాంటిదే. పత్రికలో ప్రకటన చూసి ఆవిడ చేరిన మొదటి ఉద్యోగం, యూరప్ సినిమాలను అర్ధరాత్రి టీవీ ప్రసారం నిడివికి సరిపడేలా కోసేయడం. మంచి సినిమాలను పాడుచేసే పని అది. తరువాత ఒక వేసవి కోర్సులో మార్టిన్ స్కోర్సెసీ విద్యార్థి చిత్రానికి సాయపడ్డారు. 1970లో విడుదలైన 'వుడ్‌స్టాక్' డాక్యుమెంటరీకి పనిచేశారు. అయినా ఎన్నో ఏళ్ళు అప్రెంటిసుగా, అసిస్టెంటుగా చేసి ఉండాలన్న నిబంధన వల్ల అక్కడి ఎడిటర్ల సంఘంలో సభ్యత్వం రాక, పెద్ద సినిమాలకు చాలాకాలం దూరంగా ఉండవలసి వచ్చింది. 1980 నాటి 'రేజింగ్ బుల్' ఎడిటింగ్‌కు ఆవిడకు ఆస్కార్ వచ్చింది. తలుపులు మూసి ఉండడం అన్నది మన దగ్గరే కాదని తెలుస్తుందని ఈ సంగతి చెప్పాను.

మీ ఊళ్ళో ఉన్న ఫుటేజీ

మీ మండల కేంద్రంలో ఎవరూ వాడుకోని ఫుటేజీ ఎంత ఉందో ఆలోచించారా? ఫొటో స్టూడియోల హార్డ్‌డిస్కుల్లో వందల పెళ్ళిళ్ళు ఉంటాయి. ఒక్కో పెళ్ళికి ట్రెడిషనల్ కెమెరా, క్యాండిడ్ కెమెరా, పైన డ్రోన్ కలిపి ఎనిమిది, పది గంటలు పోగవుతుంది. దాన్ని స్టూడియోవాళ్ళు "మిక్సింగ్" అంటారు. ఎడియస్‌లోనో ప్రీమియర్‌లోనో తయారుగా ఉన్న టెంప్లేట్లు వేసి, పూలరేకులు రాల్చి, నాలుగు సినిమా పాటలు అంటించి ఇచ్చేస్తారు. సీజనులో వాళ్ళకు ఊపిరి సలపదు. చేయి తెలిసిన మనిషి వస్తానంటే కాదనే స్టూడియో అరుదు.

ఇది చెబుతున్నప్పుడు విద్యార్థుల ముఖాల్లో ఒక చిన్నచూపు కనిపిస్తుంది. నేను వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఒకప్పుడు నాకూ అదే చిన్నచూపు ఉండేది.

సుమారు పదిహేనేళ్ళ కిందట ఒక అమ్మాయి ప్రాక్టికల్ రికార్డుతోపాటు ఒక పెళ్ళి డీవీడీ ఇచ్చింది. ఆమె పగలు ఒక స్టూడియోలో మిక్సింగ్ చేస్తూ చదువుకుంటోంది. నేను అట్ట చూసి, "ఇది ప్రాక్టికల్ కాదమ్మా, చిన్న కథాచిత్రం ఏదైనా చేసుకురా" అని తిప్పి పంపాను. "సార్, తొమ్మిది గంటల ఫుటేజీ రెండుసార్లు చూశాను" అంది. ఆ మాటకు విలువ నాకు అప్పుడు తెలియలేదు. డీవీడీ నా బల్లమీదే ఉండిపోయింది. ఆమె ఆ ఏడు ఆ పేపరు పూర్తిచేయలేదు.

కొన్ని నెలల తరువాత బల్ల సర్దుతూ దాన్ని చూశాను. తలంబ్రాల సమయంలో కరెంటు పోయింది. ఎవరైనా ఆ భాగం తీసేస్తారు. ఆమె తీయలేదు. చీకట్లో నవ్వులు, ఎవరో "లైటు, లైటు" అనడం, బియ్యం జల్లున రాలే చప్పుడు. ఒక సెల్‌ఫోన్ వెలుతురు పెళ్ళికూతురి చేతిమీద పడేవరకూ ఆమె కట్ చేయలేదు. అదంతా పదిహేను సెకన్లు ఉంటుందేమో. మూడేళ్ళ పాఠాల్లో నేను వివరించడానికి తంటాలు పడ్డ విషయం ఆ పదిహేను సెకన్లలో ఉంది. ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. అప్పటినుంచి పెళ్ళి వీడియో అని చెప్పి ఏ రికార్డునూ చూడకుండా తిప్పి పంపలేదు. కానీ ఆమె పోగొట్టుకున్న ఏడాదిని అది తిరిగి ఇవ్వదు.

పెళ్ళి ఫుటేజీ ఎడిటర్‌కు మంచి బడి కావడానికి కారణం ఉంది. దానిలో రీటేక్ లేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫొటోగ్రాఫరు అడ్డం వస్తే, ఆ క్షణాన్ని మిగతా కెమెరాల్లోనో, ధ్వనిలోనో, వధువు తల్లి ముఖంలోనో మీరు వెతుక్కోవాలి. 'వుడ్‌స్టాక్' బృందం ఎదుర్కొన్నది కూడా అలాంటి సమస్యే. అనేక కెమెరాలు, ఒకేసారి జరిగే సంఘటన, మళ్ళీ జరగని క్షణాలు.

పెళ్ళిళ్ళే కానక్కరలేదు. కళాశాల వార్షికోత్సవం, ఊరి జాతర, పంచాయతీ సమావేశం, సురభి నాటకం వంటి రంగస్థల ప్రదర్శన, స్థానిక కేబుల్ చానల్ వార్తలు ఏవైనా పనికివస్తాయి. ఇవేవీ అందకపోతే, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విడుదల చేసే దృశ్యాలు సాధారణంగా కాపీరైటు లేకుండా అందుబాటులో ఉంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ సేకరణలోని పాత విద్యాచిత్రాలు చాలా దొరుకుతాయి. మన చట్టంలో సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. పాటల రికార్డింగులకూ అంతే. మీ అభ్యాసం కోసం ఇంట్లో ఏం చేసుకున్నా, బయటకు చూపే ముక్కలో కొత్త సినిమా పాట అంటించకండి.

ఒక అభ్యాసం: అప్పగింతలు

ఒక స్టూడియో వారి అనుమతితో, ఆ కుటుంబం ఒప్పుకోలుతో, ఒక పెళ్ళి అప్పగింతల ఫుటేజీ తీసుకోండి. ఇరవై నిమిషాలు ఉంటుందనుకుందాం. దాన్ని మూడు నిమిషాలకు తేవాలి. నియమాలు రెండు: పాట పెట్టకూడదు, స్లోమోషన్ వాడకూడదు.

మొదటి రోజు ఏమీ కట్ చేయకండి. మొత్తం చూడండి. నోటుపుస్తకంలో ప్రతి షాట్‌కూ టైమ్‌కోడ్ వేసి, ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి. మీ మనసు ఎక్కడ కదిలిందో అక్కడ పక్కన ఒక చుక్క పెట్టండి. ఈ చుక్కలు చాలా విలువైనవి. నాలుగోసారి చూసేటప్పటికి మీకు ఏదీ కదిలించినట్టు అనిపించదు. ప్రేక్షకుడు మాత్రం మొదటిసారే చూస్తాడు. మీ మొదటి చూపుకు మిగిలే సాక్ష్యం ఆ చుక్కలే.

తరువాత మొదటి కూర్పు. అది బహుశా ఏడు నిమిషాలు వస్తుంది, నీరసంగా ఉంటుంది. భయపడకండి, అందరికీ అంతే. ఇప్పుడు తీయడం మొదలుపెట్టాలి. ఇక్కడ మీకు మొదటి అసలైన ప్రశ్న ఎదురవుతుంది. తండ్రి కూతురి చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెడుతున్న షాట్ ఒక కెమెరాలో స్పష్టంగా, నిలకడగా ఉంది, కానీ తండ్రి ముఖం కనిపించదు. మరో కెమెరాలో ముఖం ఉంది, అయితే ఎవరో తోశారు కాబట్టి కెమెరా ఊగింది. ఏది ఉంచుతారు?

'అపోకలిప్స్ నౌ', 'ది ఇంగ్లిష్ పేషెంట్' చిత్రాల ఎడిటర్ వాల్టర్ మర్చ్ తన పుస్తకం 'ఇన్ ది బ్లింక్ ఆఫ్ యాన్ ఐ'లో ఒక కట్ మంచిదా కాదా అని చూడడానికి ఆరు కొలతలు చెప్పారు. భావానికి 51 శాతం, కథకు 23, లయకు 10 ఇచ్చారు. ప్రేక్షకుడి చూపు ఎక్కడ ఉంది, తెరమీద దిశ, స్థలంలో పొందిక అనే మూడింటికీ కలిపి 16 మిగిల్చారు. ఈ అంకెలు తక్కెడలో తూచినవి కావు, కానీ క్రమం ఆలోచించదగినది. కొత్తవారు సరిగ్గా తలకిందులుగా పనిచేస్తారు. ఊగిన షాట్ తప్పని తీసేసి, నిలకడగా ఉన్న చేతులు ఉంచుతారు. భావం ఊగిన షాట్‌లో ఉంటే దాన్నే ఉంచండి.

రెండో ప్రశ్న ధ్వనిది. కూతురు ఏడుపు వినిపించడం మొదలైన తరువాత ఆమె ముఖానికి వెళ్ళవచ్చు, లేదా తల్లి ముఖం మీదే ఉండి ఏడుపు మాత్రం వినిపించవచ్చు. తరువాతి షాట్ ధ్వని ముందే వినిపిస్తే దాన్ని జె-కట్ అని, బొమ్మ మారినా పాత ధ్వని కొనసాగితే ఎల్-కట్ అని అంటారు. టైమ్‌లైన్‌లో ఆ ముక్కలు ఆ అక్షరాల ఆకారంలో కనిపిస్తాయి. రెండు విధాలా చేసి చూడండి. ఆపైన ఆ కట్‌ను రెండు ఫ్రేములు ముందుకు, రెండు ఫ్రేములు వెనక్కి జరపండి. మీ ఫుటేజీ సెకనుకు 25 ఫ్రేములైతే, రెండు ఫ్రేములంటే సెకనులో పన్నెండో వంతు కూడా కాదు. మొదట్లో తేడా తెలియదు. కొన్ని వారాల తరువాత తెలుస్తుంది, ఆ తరువాత దాన్ని పట్టించుకోకుండా ఉండలేరు.

చివరి మెట్టు చూపించడం. ఆ కుటుంబానికి సంబంధం లేని ఇద్దరికి విడివిడిగా చూపించండి. మీరు తెరవైపు చూడవద్దు, వాళ్ళ ముఖం చూడండి. ఎక్కడ ఫోను వైపు చెయ్యి పోయింది, ఎక్కడ కదలకుండా కూర్చున్నారు అన్నది గుర్తు పెట్టుకోండి. అయిపోయాక "ఎలా ఉంది?" అని అడగకండి, మన వాళ్ళు మర్యాదకు "బాగుంది" అంటారు. "ఆ అమ్మాయి ఎవరి వైపు చూసింది? ముందు ఏడ్చింది ఎవరు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది మీరు అనుకున్నది కాకపోతే, తప్పు వారిది కాదు.

సాఫ్ట్‌వేర్ సంగతి

దీనిమీద ఎక్కువ చెప్పను. డావిన్చీ రిజాల్వ్‌కు ఉచిత రూపం ఉంది. కెడెన్‌లైవ్, షాట్‌కట్ పూర్తిగా ఉచితం. పరిశ్రమలో ప్రీమియర్, అవిడ్ ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి బాగా వచ్చినవారికి రెండోది కొద్ది వారాల్లో వస్తుంది. పాత కంప్యూటరులో ఫుటేజీ ఆగి ఆగి నడుస్తుంటే, తక్కువ పరిమాణంలో ప్రాక్సీ ఫైళ్ళు తయారుచేసుకుని వాటితో కూర్చండి, చివర అసలు ఫైళ్ళకు కలుపుకోవచ్చు. కంప్యూటరే లేకపోతే ఫోనులో కైన్‌మాస్టర్ వంటి యాప్‌తో మొదలుపెట్టండి. నిర్ణయాలు తీసుకోవడానికి ఫోను అడ్డు కాదు, పెద్ద ఫుటేజీ సర్దుకోవడానికి మాత్రం చాలదు.

అసిస్టెంటుగా మీకు తెలిసి ఉండవలసింది

మీకు మొదట దొరికే సినిమా పని అసిస్టెంటు ఎడిటర్ పనే, అదీ చివరి అసిస్టెంటుగా. అక్కడ ఎవరూ మీ కళాభిరుచి అడగరు. ఫుటేజీ భద్రంగా ఉందా అని అడుగుతారు.

షూటింగు నుంచి కార్డు వచ్చిన వెంటనే రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయాలి. సాధ్యమైతే మూడో ప్రతి వేరే చోట ఉండాలి. కాపీ అయిందని కంప్యూటరు చెప్పినంతమాత్రాన నమ్మకూడదు. ఫైళ్ళ సంఖ్య, పరిమాణం సరిచూడాలి, మొదటిదీ మధ్యదీ చివరిదీ తెరిచి నడిపించి చూడాలి. చెక్‌సమ్ సరిచూసే సాధనం ఉంటే మరీ మంచిది. రెండు ప్రతులు సరిపోయాయని తెలిసేవరకు కార్డు ఖాళీ చేయమని ఎంత పెద్దవారు తొందరపెట్టినా చేయకండి. వినయంగా, కానీ గట్టిగా చెప్పండి.

తరువాత సింక్. కెమెరాలో ఒక ధ్వని, విడిగా రికార్డరులో మరో ధ్వని ఉంటే, క్లాప్ బోర్డు రెండు చెక్కలు కలిసిన ఫ్రేమునూ, ఆ చప్పుడునూ ఒకచోటికి తేవాలి. టైమ్‌కోడ్ ఉంటే సులువు, లేకపోతే కంటితో చెవితో చేయాలి. మన సినిమాల్లో చాలావాటికి నటుల మాటలు తరువాత డబ్బింగులో వస్తాయి. సెట్లో రికార్డయినదాన్ని పైలట్ ట్రాక్ అంటారు. ఎడిటర్ ఆ గొంతుల మీదే కూరుస్తారు. డబ్బింగు వచ్చాక మాట వేగం, విరుపు మారి, నిన్నటిదాకా సరిగ్గా ఉన్న కట్ ఇవాళ తొందరగా అనిపిస్తుంది. దీన్ని పట్టుకుని, మెల్లగా ఎడిటర్ చెవిన వేయగల అసిస్టెంటును ఎవరూ వదులుకోరు.

బొమ్మ ఖరారైన తరువాత ఆ కూర్పును ధ్వని విభాగానికి, రంగులు దిద్దే డీఐ విభాగానికి, గ్రాఫిక్స్ వారికి పంపాలి. ధ్వనికి ఏఏఎఫ్, డీఐకి ఎక్స్ఎంఎల్ లేదా ఈడీఎల్ ఫైళ్ళు ఇవ్వడం వాడుక. గ్రాఫిక్స్‌కు ఇచ్చే షాట్లకు రెండు వైపులా కొన్ని ఫ్రేములు అదనంగా ఉంచుతారు, వీటిని హ్యాండిల్స్ అంటారు. ఇదంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మీ మూడు నిమిషాల ముక్కను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్ఎంఎల్‌గా తీసి మరోదానిలో తెరిచి చూడండి. ఏం పోయింది, ఏం జరిగింది అన్నది రాసుకోండి. మొదటిసారి ఏదో ఒకటి పోయి తీరుతుంది.

ఇంకొక మాట. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే సగానికి పైగా బయటకు పొక్కి, విడుదల తేదీనే ముందుకు జరపవలసి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచి ఎడిటింగ్ గదుల్లో ఫోన్లు, పెన్‌డ్రైవుల విషయంలో చాలా కఠినంగా ఉంటున్నారు. స్నేహితుడికి చూపిద్దామని తీసుకున్న అర నిమిషం క్లిప్ మీ ఉద్యోగాన్నే కాదు, మీకు ఆ ఉద్యోగం ఇప్పించినవారి పేరును కూడా తీసుకుపోతుంది. పెళ్ళి ఫుటేజీకీ ఇదే వర్తిస్తుంది. అది ఆ కుటుంబానిది. మీ నమూనా వీడియోలో వాడుకోవాలంటే కాగితం మీద అనుమతి రాయించుకోండి.

డబ్బులు లేకుండా పనిచేయడం

"అనుభవం వస్తుంది కదా, ఊరికే చేసిపెట్టు" అనే మాట మీరు వినబోతున్నారు. నా అభిప్రాయం ఇది: పని చేయించుకునేవాడు కూడా దానిమీద పైసా సంపాదించని చోట, ఉదాహరణకు మీలాంటి విద్యార్థులు తీసే షార్ట్ ఫిల్మ్‌లో, ఊరికే చేయండి. యూట్యూబ్ చానల్ నడుపుతూ ప్రకటనల డబ్బు తీసుకునేవాడికి ఊరికే చేయకండి, చిన్న మొత్తమైనా అడగండి. ఏదైనా సరే, పని మొదలుపెట్టే ముందు నాలుగు విషయాలు వాట్సాప్‌లోనైనా రాతలో పెట్టించుకోండి. ఎప్పటికి ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, టైటిల్స్‌లో పేరు ఎలా వేస్తారు, ప్రాజెక్టు ఫైలు ప్రతి మీ దగ్గర ఉంటుందా. మార్పుల సంఖ్య రాయించుకోనివారు పదకొండోసారి మార్చేటప్పుడు నా మాట తలచుకుంటారు.

షార్ట్ ఫిల్మ్‌లలో ఒక చిక్కుంది. చాలావరకు పూర్తికావు. హీరో వేషం వేసిన కుర్రాడికి ఉద్యోగం వస్తుంది, దర్శకుడు ఊరు మారతాడు. అందుకే ఐదు నిమిషాలు దాటని స్క్రిప్టును, షూటింగ్ తేదీలు ఖాయమైనదాన్ని ఎంచుకోండి. పూర్తయిన మూడు నిమిషాలు, ఆగిపోయిన నలభై నిమిషాలకంటే మీకు ఎక్కువ నేర్పుతాయి.

వార్తా చానల్ ఉద్యోగం దొరికితే వదలకండి. ఒక్కరోజులో ఏడెనిమిది కథనాలు, ఒక్కొక్కటి నిమిషంన్నర, బులెటిన్ సమయం దాటితే అందరూ అరుస్తారు. వేగం వస్తుంది, ఫుటేజీలో పనికొచ్చే షాట్‌ను వెంటనే గుర్తించే కన్ను వస్తుంది. కానీ ఏడాది, ఏడాదిన్నర దాటితే ఒకే మూసలో చెయ్యి బిగిసిపోవడం చాలామందిలో చూశాను. అందుకని సెలవు రోజున అరగంటైనా ఎవరూ తొందరపెట్టని ముక్క ఒకటి కూర్చుకుంటూ ఉండండి.

హైదరాబాదు వెళ్ళేముందు

కృష్ణానగర్, ఫిలింనగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల ఎడిటింగ్ గదులు చాలా ఉన్నాయి. ఒక సంచి, ఒక ఫోను నంబరు పట్టుకుని వెళ్ళేవారు రోజూ ఉంటారు. మీరు వెళ్ళేటప్పుడు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కాదు, వీలైతే సెలవు పెట్టి వెళ్ళండి. ఇంట్లోవారికి నిజం చెప్పి వెళ్ళండి. మొదటి ఏడాది జీతం అనే మాటకు పెద్దగా అర్థం ఉండకపోవచ్చు. ఎడిటర్ల సంఘంలో సభ్యత్వం, కార్డు, రుసుము గురించి అక్కడే నేరుగా విచారించండి, మధ్యవర్తికి డబ్బు కట్టకండి.

ఎడిటర్ గారిని కలిసే అవకాశం వస్తే పదిహేను నిమిషాల నమూనా వీడియో చూపించకండి. ఆయనకు సమయం ఉండదు. మూడు నిమిషాలు దాటని ఒకే ఒక ముక్క చూపండి. "సింక్ చేయగలను, ఫుటేజీ సర్దగలను, ఎక్స్ఎంఎల్ పంపగలను" అని చెప్పండి, చెప్పినవి చేయగలిగి ఉండండి. "నేను కూడా డైరెక్టరు కావాలనుకుంటున్నానండీ" అన్న సంగతి ఆ రోజుకు మనసులోనే ఉంచుకోండి.

మంచి కోర్సులో చేరే స్తోమత, వయసు ఉన్నవారు పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. సీట్లు తక్కువ, కానీ ప్రభుత్వ సంస్థలు. అక్కడ చేరినా చేరకపోయినా పైన చెప్పిన నోటుపుస్తకం మీతో ఉండాలి.

ప్రాక్టికల్ రికార్డు

ఈ పాఠానికి సంబంధించి మీ అధ్యయన కేంద్రంలో సమర్పించవలసినవి ఇవి. మూడు నిమిషాలు మించని ఒక కూర్పు. అది పెళ్ళిదైనా, జాతరదైనా, వార్తా కథనమైనా సరే. దానితోపాటు మీ మొదటి కూర్పు కూడా, ఎంత పొడవున్నా ఇవ్వండి. మేము చూసేది రెండింటి మధ్య జరిగినదాన్ని. మీరు మార్చిన ఐదు కట్ల గురించి ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు రాయండి: ముందు ఎలా ఉండేది, ఎందుకు మార్చారు, చూసినవారు ఏమన్నారు. బాగుందనిపించినా తీసేసిన షాట్ ఒకటి ఉంటే దాని గురించి విడిగా రాయండి. ఫుటేజీ ఎవరిదో, వారి అనుమతి పత్రం కూడా జతచేయండి.

పెన్‌డ్రైవును కవరులో పెట్టే ముందు వేరే కంప్యూటరులో పెట్టి, మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిపించి చూడండి.